డికెన్స్ లేఖలు – కూట్స్ దాతృత్వం

చార్లెస్ డికెన్స్ నవలలను తరగతి గదిలో చదువుకున్న మనకు ఆయన లేఖలతో పరిచయం తక్కువ. అందులోనూ ఏంజెలా బర్డెట్ కూట్స్ అనే దాతకు ఆయన వ్రాసిన ఐదువందలకు పైబడిన ఉత్తరాలు ప్రత్యేకంగా పరిశీలింపదగినవి.

లండన్‌లోని కూట్స్ బ్యాంకు కుటుంబానికి చెందిన ఈమెకు 1837లో, ఇరవైమూడేళ్ళ వయస్సులో, సుమారు పద్దెనిమిది లక్షల పౌన్ల ఆస్తి సంక్రమించింది. చేయి చాచేవారికి కొదువ లేదు. ఎవరికి, ఎట్లా ఇవ్వవలెనో చెప్పగలవారే కరవు. ఆ బాధ్యతను డికెన్స్ చేపట్టారు. 1843లో ఫీల్డ్ లేన్‌లోని నిరుపేద బాలల పాఠశాలను స్వయంగా చూచివచ్చి, దాని దుస్థితిని ఆమెకు సవిస్తరంగా తెలియజేశారు.

వారి ఉమ్మడి కృషిలో మిన్న అయినది 1847లో షెపర్డ్స్ బుష్‌లో వెలసిన యురేనియా కాటేజ్. చెరసాలల నుండి, వీధుల నుండి వచ్చిన యువతులకు చదువు, ఇంటిపని నేర్పి, ఆస్ట్రేలియా మొదలైన వలస రాజ్యాలకు పంపి, కొత్త జీవితం కల్పించడం దాని ఆశయం. ధనం ఆమెది, శ్రమ ఆయనది. ఒక వంక నవలలు వ్రాస్తూ, మరొక వంక పత్రిక నడుపుతూనే, ఏ యువతిని చేర్చుకోవలెనన్నది మొదలు ఏ బట్ట కొనవలెనన్నది వరకు ఆయనే విచారించేవారు. ఆ స్త్రీలకు సాదా దుస్తులు చాలునని ఆమె తలంపు. బ్రతుకులో రంగు కూడ అవసరమేనని ఆయన వాదం. ఇది చిన్న విషయమని మేము అనుకోము. పుచ్చుకొనేవారి మనస్సును గూర్చి ఇచ్చేవారితో వాదించే స్నేహితుడు ఎందరికి లభిస్తాడు? 1853 నాటికి ముప్పైమంది కుదురుకున్నారు; వారిలో ఏడుగురు వివాహితులైనారు. పారిపోయినవారి లెక్కను కూడ ఆయన దాచలేదు.

డికెన్స్ పెద్ద కుమారుని ఈటన్ చదువు ఆమె చలవే. మరొక కుమారుడు వాల్టర్‌కు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఉద్యోగం లభించినదీ ఆమె పలుకుబడితోనే.

1858లో డికెన్స్ భార్య కేథరిన్‌ను విడిచి వేరుగా ఉండసాగారు. పదిమంది బిడ్డలను కన్న ఇల్లాలు ఆమె. దిక్కులేని యువతుల యెడల అంత ఓర్పు చూపిన మనిషి స్వగృహంలో దానిని చూపలేకపోయినారు. కూట్స్ రాజీకి ప్రయత్నించి విఫలురాలైనది. స్నేహం సన్నగిల్లింది, ఆశ్రమంతో ఆయన సంబంధమూ తీరిపోయింది. 1860లో గాడ్స్ హిల్ ఇంటి వెనుక తనకు వచ్చిన ఉత్తరాలన్నిటినీ ఆయన తగులబెట్టారు. అందుచేత ఈ సంభాషణలో మనకు వినిపించేది చాలవరకు ఒక్క గొంతే.

1863 డిసెంబరు 31న వాల్టర్ కలకత్తాలో మరణించాడు. వయస్సు ఇరవైరెండేళ్ళు. ఆ వార్త తండ్రికి ఆయన పుట్టినరోజునాడే అందింది. ఈ దుఃఖ సమయంలోనైనా భార్యాభర్తలు కలియవలెనని కూట్స్ మరల వ్రాసింది. ఆయన అంగీకరించలేదు. నిరాకరిస్తూ వ్రాసిన ఆ ఉత్తరం మాత్రం నేటికీ మిగిలి ఉన్నది.