డేవిడ్ హఫ్‌మన్

డేవిడ్ ఆల్బర్ట్ హఫ్‌మన్ (ఆగష్టు 9, 1925 - అక్టోబరు 7, 1999) అమెరికాకు చెందిన కంప్యూటరు శాస్త్రవేత్త. సమాచారాన్ని నష్టపోకుండా కుదించి ఫైళ్ళలో భద్రపరచడానికి తోడ్పడే హఫ్‌మన్ కోడింగు ఈయన కనుగొన్నదే.

1951లో ఎం.ఐ.టి.లో ఆచార్యుడు రాబర్ట్ ఫానో, చివరి పరీక్షకు బదులుగా ఒక సమస్యపై వ్యాసం వ్రాయవచ్చునన్నాడు. అక్షరాలను అతి తక్కువ బిట్లలో ఎలా వ్రాయాలన్నదే ఆ సమస్య. ఫానో సైతం దానిని పూర్తిగా సాధించలేదని హఫ్‌మన్‌కు తెలియదు. నెలల తరబడి శ్రమించి, ఆశ వదులుకొని, పరీక్షకు సిద్ధపడబోతుండగా పరిష్కారం స్ఫురించింది. అతి అరుదుగా వచ్చే రెండింటిని జతచేస్తూ క్రింది నుండి పైకి చెట్టును నిర్మించుకుంటూ పోతే, తరచు వచ్చే అక్షరాలకు పొట్టి సంకేతాలు, అరుదైన వాటికి పొడవైన సంకేతాలు లభిస్తాయి.

1952లో ప్రచురించిన ఈ పద్ధతికి హఫ్‌మన్ పేటెంటు తీసుకోలేదు. జిప్, జేపెగ్ ఫైళ్ళ తయారీలో ఇది నేటికీ ఒక భాగం.