కశింకోట చిత్రకారుడు వడ్డాది పాపయ్య

చీడికాడ నుండి అనకాపల్లి చేరి, ఎలమంచిలి వైపు సాగితే కశింకోట వస్తుంది. ఆ ఊరిలో ఒక మహాచిత్రకారుడు నివసించాడని మన విద్యార్థులలో ఎందరికి తెలుసు? ఆయనే వడ్డాది పాపయ్య. బొమ్మ కింద వ.పా. అని సంతకం చేసేవారు.

పాపయ్యగారు 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో జన్మించారు. ఆ ఏడాది చివరనే అమెరికాలో ఒక పిల్లల మాసపత్రిక ఆగిపోయింది. దాని పేరు బ్రౌనీస్ బుక్. నల్లజాతి పండితుడు డుబాయిస్ తమ జాతి పిల్లలకై 1920లో దానిని ప్రారంభించారు. అంతకుముందు బొమ్మల పుస్తకాలలో నల్లపిల్లలు కనిపించినది చాలావరకు పరిహాసానికే. తమ ముఖాలను తాము గౌరవంగా చూచుకొనే భాగ్యం ఆ పిల్లలకు 24 సంచికలపాటు దక్కింది. తెల్లదొరల పిల్లల బొమ్మలున్న ఆంగ్ల వాచకాలతో చదువు నేర్చిన మన దేశంలోనూ ఆ కొరత లేకపోలేదు.

పాపయ్యగారికి తండ్రి రామమూర్తిగారే తొలి గురువు. రవివర్మ కోదండరాముని చిత్రం ఆయన బాల్యంలో గాఢమైన ముద్ర వేసింది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మద్రాసులో చందమామను స్థాపించారు. తరువాతి కాలంలో దాని ముఖచిత్రాలు పాపయ్యగారికి దేశవ్యాప్తమైన కీర్తి తెచ్చాయి. చందమామ అనేక భాషలలో వెలువడేది. కథను ఎవరి భాషలో వారు చదువుకోవలసిందే కాని, అట్టమీది బొమ్మకు అనువాదంతో పని లేదు. తెలుగు అక్షరం ఎరుగని ఒరియా, గుజరాతీ బాలలు సైతం ఆయన రంగులను తమవిగానే చూచుకొన్నారు. యువ పత్రికలో రాగాలకు, ఋతువులకు, నాయికలకు రూపమిచ్చారు.

ఆయన స్త్రీమూర్తులు లోకంలో కానరాని సౌందర్యవతులని ఒక విమర్శ ఉన్నది. అందులో కొంత నిజమున్నదని నేనూ ఒప్పుకొంటాను. అంత సన్నని నడుము, అంతటి విశాల నేత్రాలు పొలానికి పోయే ఏ ఆడమనిషికి ఉంటాయి? అయినా ఆ కొప్పు, ఆ నగలు, చీరకట్టు, పండుగనాటి వాకిలి మాత్రం మన నేలవే. దేవకన్యను గీసినా ఆమెకు పరదేశపు ముఖం పెట్టలేదు. పరాయి బొమ్మలను చూచి మురిసిపోయే పిల్లల చేతికి ఆ అట్ట అందడం చిన్న విషయం కాదు.

ప్రచారమంటే ఆయనకు గిట్టేది కాదు. సభలకు, సన్మానాలకు దూరంగా కశింకోటలో స్థిరపడి, అక్కడి నుండే పత్రికలకు బొమ్మలు పంపేవారు. 1992 డిసెంబరు 30న కన్నుమూశారు. ఆ తరువాత ఇరవై ఏళ్ళకు పైగా గడిచాక చందమామ ప్రచురణ కూడా నిలిచిపోయింది. ఆ ముఖచిత్రాలున్న పాత సంచికలను బైండు చేయించి దాచుకొన్న ఇళ్ళు నేటికీ ఉన్నాయి.