గ్రామ్యమని పక్కన పెట్టిన మాట

ప్రతి ఏడూ మన సావనీరులో గురజాడ అప్పారావుగారి మీద ఏదో ఒక వ్యాసం ఉంటూనే ఉంది. మళ్లీ అదే ఎందుకోయ్ అని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఒక ఉత్తరం సంగతి చెప్పాలి.

క్రిందటి ఏడు మా హాస్టల్లో ఒక మిత్రుడు ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. వ్రాత పరీక్ష బాగా రాశాడు. ఇక కబురొస్తుందని రెండు నెలలు ఎదురుచూశాడు. కబురు రాలేదు. మనకి సిఫార్సు లేదు, మన ఇంగ్లీషు వాళ్లకి ఆనలేదు అని తనని తానే తిట్టుకుని ఊరుకున్నాడు. తీరా ఒకనాడు వేరే పని మీద వెతుకుతుంటే ఆ ఉత్తరం కనపడింది. ఈ-మెయిల్లో స్పామ్ అనే అరలో, లాటరీ టిక్కెట్ల వాళ్ల మధ్య, అప్పులిస్తామనే వాళ్ల మధ్య పడి ఉంది. ఇంటర్వ్యూ తేదీ దాటి పదకొండు రోజులైంది. ఉత్తరం రాకపోవడం కాదు, వచ్చిన ఉత్తరాన్ని చెత్త అని ఎవరో ముందే నిర్ణయించేయడం! ఆ ఎవరో మనిషి కూడా కాదు, ఒక యంత్రం.

ఆ రాత్రి నాకు అప్పారావుగారు జ్ఞాపకం వచ్చారు. ఆయన జీవితమంతా ఒక జల్లెడతో తగువు.

అప్పారావుగారు 1862 సెప్టెంబరు 21న విశాఖ జిల్లా యలమంచిలి దగ్గర రాయవరంలో మేనమామగారి ఇంట జన్మించారు. తండ్రి వేంకట రామదాసుగారు, తల్లి కౌసల్యమ్మగారు. తండ్రిగారు విజయనగరం సంస్థానంలో ఉద్యోగి కావడంచేత బాల్యం చీపురుపల్లిలో గడిచింది. తండ్రి పోయిన తరువాత కుర్రవాడు చదువు కోసం విజయనగరం వచ్చాడు. ఆనాటి మహారాజావారి కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రిగారు తమ ఇంట్లోనే ఉంచుకుని, తిండిపెట్టి చదివించారు. వారాలు చేసుకుని చదువుకున్న కుర్రాళ్ల కథలు మన ప్రాంతంలో ఇంటింటా ఉన్నవే. ఈ కుర్రవాడికి ఆ పాటి అదృష్టం పట్టకపోతే మన సాహిత్యం ఏమై ఉండేదో! 1882లో మెట్రిక్యులేషను, 1884లో ఎఫ్.ఏ., 1886లో బి.ఏ. పూర్తిచేశారు. మధ్యలో 1884లోనే నెలకు ఇరవై అయిదు రూపాయల జీతం మీద హైస్కూలులో పాఠాలు చెప్పారు. కొన్నాళ్లు డిప్యూటీ కలెక్టరు ఆఫీసులో హెడ్ గుమాస్తాగా కాగితాలు దిద్దారు. 1887లో తాము చదువుకున్న కళాశాలలోనే లెక్చరరయ్యారు.

ఆయన మొదటి మాట తెలుగు మాట కాదు. విద్యార్థిగా ఉండగానే ఇంగ్లీషులో సారంగధర కావ్యం రాశారు. అది 1883లో ఇండియన్ లీజర్ అవర్ పత్రికలో అచ్చయింది. కలకత్తాలో రీస్ అండ్ రయ్యత్ పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీగారు దానిని చూసి మెచ్చుకుని మళ్లీ ప్రచురించారు. మెచ్చుకుని ఊరుకోలేదు. పరాయి భాషలో ఎంత బాగా రాసినా అది పరాయిదేనని, నీ శక్తి నీ భాషకి పెట్టమని హితవు చెప్పారు. ఎక్కడి కలకత్తా, ఎక్కడి విజయనగరం! ఎప్పుడూ కంటబడని ఒక పెద్దమనిషి రాసిన ఉత్తరం ఒక కుర్రవాడి దారిని మార్చింది. ఆ రోజుల్లో తపాలా బంట్రోతు ఉత్తరాన్ని చూసి ఇది పనికొచ్చేది, ఇది పనికిరానిది అని ఏరి పారేసేవాడు కాదు. విలాసం సరిగా ఉంటే చాలు, గుమ్మంలో పడేవాడు. ఏది మంచిదో ఏది చెత్తో ఇంటివాడే తేల్చుకునేవాడు.

విజయనగర ప్రభువు ఆనంద గజపతి వారికి అప్పారావుగారంటే అభిమానం. 1891లో సంస్థానంలో శాసనపరిశోధకుడిగా నియమించుకున్నారు. పాత రాళ్లమీది గీతలు, చెరిగిపోయిన అక్షరాలు చదివి అర్థం చెప్పే పని అది. పదిమంది పనికిరాని రాయి అనుకున్న దాంట్లో చరిత్ర వెతకడం ఆయనకి అక్కడే అలవాటయి ఉంటుంది.

కన్యాశుల్కం కూడా కాగితాల కట్టలోంచి పుట్టినదే. ఆనంద గజపతి వారు విశాఖ జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగే శుల్కం పెళ్లిళ్ల లెక్క తీయించారు. మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు తేలాయి. అందులో అయిదేళ్ల పిల్లలు తొంభై తొమ్మిది మంది, ఏడాది నిండిన పసికూనలు ముగ్గురు. పసిగుడ్డు ఖరీదు మూడువందల యాభై నుంచి నాలుగువందల రూపాయలు! మనబోటి వాళ్లం అయితే ఆ జాబితా చూసి అయ్యో అనుకుని బీరువాలో పెట్టేస్తాం. ఆయన దానిని నాటకం చేశారు. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు ప్రదర్శించారు. 1897లో పుస్తకంగా వచ్చింది. మహారాజుగారికే అంకితమిచ్చారు. ఆ ఏడే మహారాజుగారు పోయారు.

ఆ నాటకంలో అసలు విడ్డూరం కథ కాదు, మాట. నాటకమంటే పద్యాలూ, సమాసాలూ ఉండాలని లోకం అనుకునే రోజులవి. అప్పారావుగారు గిరీశం నోట ఇంగ్లీషు కలిసిన మాట, అగ్రహారీకుల నోట అగ్రహారం మాట, మధురవాణి నోట మధురవాణి మాట పెట్టారు. మన అరుగుల మీద, మన సంతల్లో, మన వంటిళ్లలో వినపడే మాటే. ఇలా ఎందుకు రాశానో మొదటి కూర్పు పీఠికలోనే చెప్పుకున్నారు. పండితుల దృష్టిలో ఆ మాటకి ఒక పేరుంది: గ్రామ్యం. ఆ చీటీ అంటించాక ఇక లోపల ఏముందో చూడనక్కర్లేదు. వ్యాకరణమే జల్లెడ. లక్షణానికి సరిపడనిది ఎంత బ్రతికున్న మాటయినా బయటికే.

మహారాజుగారి మరణం తరువాత వారి సోదరి రీవా మహారాణీవారి దగ్గర ఆయన ఆంతరంగిక కార్యదర్శి అయ్యారు. సంస్థానపు వ్యవహారాలు, దావాలు, దస్తావేజులు నెత్తిన పడ్డాయి. ఒంట్లో ఆరోగ్యం అంతంతమాత్రం. అయినా రాయడం మానలేదు. 1909లో కన్యాశుల్కాన్ని తిరగరాసి, పెంచి రెండవ కూర్పుగా ఇచ్చారు. ఈనాడు మనం చదివేదీ, వేసేదీ ఆ కూర్పునే. 1910లో దిద్దుబాటు కథ ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది. ముత్యాల సరాలనే కొత్త ఛందస్సుని నడిపించారు. పూర్ణమ్మ కథా, కన్యక కథా, దేశభక్తి గేయమూ మనకందరికీ నోటికి వచ్చినవే. అవి నోటికి రావడానికి కారణం అవి నోటి మాటలో ఉండడమే.

ఇంతలో పెద్ద తగువు వచ్చింది. బడిపిల్లలు, కాలేజీపిల్లలు తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలి? వాడుక భాషలో రాయవచ్చునని గిడుగు రామమూర్తి పంతులుగారు, అప్పారావుగారు, మరికొందరు వాదించారు. గిడుగువారూ, ఈయనా విజయనగరంలో కలిసి చదువుకున్న స్నేహితులు. కూడదని జయంతి రామయ్య పంతులుగారు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు పండితులు పట్టుపట్టారు. అవతలివాళ్లు దుర్మార్గులేం కారు. కట్టుబాటు తీసేస్తే భాష చెడిపోతుందని వాళ్ల భయం. భయం నిజమైనదే, కాని జల్లెడ కన్నాలే మరీ సన్నం. మద్రాసు విశ్వవిద్యాలయం దీనికోసం ఒక సంఘం వేసింది. అధిక సంఖ్యాకులు గ్రాంథికం వైపే చేతులెత్తారు. అప్పారావుగారు ఒప్పుకోలేదు. ఓడిపోతున్నామని తెలిసీ కూర్చుని, తమ అసమ్మతిని పెద్ద పత్రంగా ఇంగ్లీషులో రాసి 1914లో సమర్పించారు. ఏ మాట ఎక్కడిది, ఏ కవి ఏ ప్రయోగం చేశాడు, ఏది జీవం ఉన్న రూపం, ఏది చచ్చిన రూపం అని ఓపికగా విప్పి చెప్పిన పత్రమది. ఇది చెత్త కాదు, మళ్లీ చూడండి అని అధికారంలో ఉన్నవాళ్లకి పెట్టిన అర్జీ అన్నమాట. ఆ అర్జీ ఆనాడు చెల్లలేదు. 1915 నవంబరు 30న, యాభై మూడో ఏట, విజయనగరంలోనే ఆయన కన్నుమూశారు. ఓడిపోయినవాడిగానే పోయారు. ఆ సంగతి మనం విగ్రహాలకి దండలు వేసే రోజున మరిచిపోతూ ఉంటాం.

తరువాతి కథ మీకు తెలిసిందే. గిడుగువారు 1919లో తెలుగు అనే పత్రిక పెట్టి, 1940లో పోయేవరకూ పోరాడారు. పత్రికలు మారాయి, పాఠ్యపుస్తకాలు మారాయి, పరీక్ష కాగితాలు మారాయి. గిడుగువారు పుట్టిన ఆగస్టు 29ని ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఈ వ్యాసం ఈ భాషలో రాసి సావనీరుకి ఇవ్వగలిగానంటే ఆ అసమ్మతి పత్రం పుణ్యమే.

అప్పారావుగారి కాగితాల సంగతి ఇంకా చిత్రం. ఆయనకి డైరీలు రాసే అలవాటు, ఉత్తరాలు రాసే అలవాటు. చాలావరకు ఇంగ్లీషులోనే. బిల్హణీయం, కొండుభట్టీయం పూర్తికాకుండానే ఉండిపోయాయి. ఆయన పోయాక నలభై ఏళ్లకి గాని, 1950లలో విశాలాంధ్ర ప్రచురణాలయం వారి పక్షాన అవసరాల సూర్యారావుగారు కూర్చుని ఆ లేఖలూ, డైరీలూ చదివి, తర్జుమా చేసి సంపుటాలుగా తేలేదు. 1897 నాటి మొదటి కన్యాశుల్కాన్నయితే రెండవ కూర్పు కప్పేసింది. దానిని బంగోరెగారు వెతికి పట్టి 1969లో మళ్లీ అచ్చువేశారు. డెబ్భై రెండేళ్లు! మాట పోలేదు, అరమారింది. ఓపిగ్గా వెతికేవాడు వచ్చేదాకా అక్కడే ఉంది.

ఇప్పుడు మా మిత్రుడి ఉత్తరం దగ్గరికి వద్దాం. ఈ యంత్రపు జల్లెడ కూడా ఊరికే పుట్టలేదు. 1978లో అమెరికాలో ఒక కంప్యూటరు కంపెనీ ఉద్యోగి నాలుగువందలమందికి ఒక్కసారే అమ్మకపు ప్రకటన పంపాడు. అక్కడ మొదలైన బెడద పెరిగి, జల్లెడ లేనిదే ఉత్తరాల పెట్టె తెరవలేని స్థితి వచ్చింది. జల్లెడ పనిచేసే తీరు మన పండితుల తీరే. ఇదివరకు చెత్త అని తేలిన ఉత్తరాల్లో ఏ మాటలు ఎక్కువగా ఉన్నాయో లెక్క కట్టుకుంటుంది. పంపినవాడి విలాసానికి సరైన ధ్రువపత్రం ఉందా అని చూస్తుంది. ఒకేసారి వేలమందికి వెళ్లిందా అని చూస్తుంది. పాపం, ఉద్యోగాల ఉత్తరాలు, యూనివర్సిటీ ప్రకటనలు వేలమందికి ఒకే మూసలో వెళ్లేవే. వేషం చూసి దొంగ అనేస్తుంది. మనిషిని చూడదు.

అయితే ఒక మేలుంది. 1914 నాటి సంఘం వినలేదు గాని ఈ జల్లెడ వింటుంది. స్పామ్ అరలో మంచి ఉత్తరం కనబడితే ఊరికే చదివి మూసేయకండి. ఇది స్పామ్ కాదు అనే మీట నొక్కండి. అది మీ అసమ్మతి పత్రం. పంపినవారి విలాసాన్ని మీ పరిచయస్తుల జాబితాలో చేర్చుకోండి. వారి ఉత్తరాలు ఎప్పుడూ స్పామ్‌కి పంపవద్దని ఒక నియమం పెట్టుకోవచ్చు. దరఖాస్తు పెట్టిన రోజుల్లో వారానికి రెండుసార్లయినా ఆ అర తెరిచి చూడండి. జీమెయిల్ లాంటి వాటిల్లో ముప్పై రోజులు దాటితే స్పామ్ ఉత్తరాలు వాటంతట అవే చెరిగిపోతాయి. మామూలుగా వెతికితే ఆ అరలోవి కనపడవు కూడా. స్పామ్‌నీ, చెత్తబుట్టనీ కలిపి వెతకమని వేరే చెప్పాలి. ప్రమోషన్లు అనే మరో అర ఉంటుంది, అదీ చూడండి. అలాగని కనపడిన ప్రతి లింకూ నొక్కేయకండి సుమా! ఆ అరలో పడ్డవాటిలో అసలు దొంగలే ఎక్కువ. పంపినవారి విలాసం అక్షరం అక్షరం చదివి, అనుమానం ఉంటే ఆ సంస్థకి మీరే ఫోను చేసి కనుక్కోండి.

అప్పారావుగారి మాటకి ముప్పై రోజుల గడువు లేదు కాబట్టి బ్రతికింది. కాగితం అటక మీద పడి ఉన్నా ఎవరో ఒకరు దించేదాకా ఆగుతుంది. మన కాలపు ఉత్తరాలకి ఆ ఓపిక లేదు. అందుచేత మనకే ఉండాలి.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. జల్లెడ యంత్రంలోనే ఉందనుకోకండి. క్లాసులో వెనక బెంచీ కుర్రాడు మన చీపురుపల్లి యాసలో, మన పాలకొండ యాసలో ప్రశ్న అడిగితే నవ్వేవాళ్లున్నారు. ఆ నవ్వే జల్లెడ. అది వాడి ప్రశ్నని వినకముందే చెత్తబుట్టలో వేసేస్తుంది. వాడు మళ్లీ నోరు విప్పడు. చీపురుపల్లి నుంచి వచ్చిన ఒక తండ్రిలేని కుర్రవాణ్ణి చంద్రశేఖర శాస్త్రిగారు ఇంట్లో పెట్టుకున్నప్పుడు యాస చూసి నవ్వి ఉంటే ఈ వ్యాసానికి నాయకుడే ఉండేవాడు కాడు.

మా మిత్రుడు ఈ ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టాడు. రోజూ పొద్దున్నే టీ తాగడానికి వెళ్లేముందు స్పామ్ తెరిచి చూస్తున్నాడు.