పిండికోడి పాపము : సోమదేవసూరి

కరీంనగరమునుండి జగిత్యాలకు పోవు పెద్దబాటపై గంగాధర యను ఊరు కలదు. ఆ దారిని పోవువారు కొండగట్టు ఆంజనేయుని తలచుకొందురు గాని గంగాధరను అంతగా తలచుకొనరు. క్రీస్తుశకము 959లో, అనగా శాలివాహనశకము 881, సిద్ధార్థి సంవత్సర చైత్రమాసమున, ఒక దిగంబర జైనముని ఈ గంగాధరలో ఎనిమిది ఆశ్వాసముల సంస్కృత చంపూకావ్యమును ముగించెను. కావ్యము పేరు యశస్తిలకము. ముని పేరు సోమదేవసూరి. జీవము లేని బొమ్మను చంపినవానికి పాపము కలదా యను ప్రశ్నను కథకు ఇరుసుగా చేసికొన్న గ్రంథమిది. మరమనుష్యులను గూర్చిన కథలు లోకమంతట చదువబడుచున్న ఈ కాలమున ఆ ప్రశ్న మఱల కొత్తదైనది.

ఆనాడు ఈ సీమను ఏలినవారు వేములవాడ చాళుక్యులు. వారు మాన్యఖేటమునుండి పాలించు రాష్ట్రకూటులకు సామంతులు. మొదట బోధనును, పిదప వేములవాడయు వారికి రాజధానులు. శాసనములలో వేములవాడకు లేంబులపాటకమని పేరు. కోరుట్లనుండి రుద్రంగి, చందుర్తి మీదుగా వచ్చువారికిని, సిరిసిల్లనుండి వచ్చువారికిని నేడది రాజన్న క్షేత్రము. వేయేండ్లక్రిందట అది కవులకు కూడ క్షేత్రమే. రెండవ అరికేసరి ఆస్థానమున పంపకవి 941లో కన్నడభారతమును రచించెను. పంపని తమ్ముడు జినవల్లభుడు గంగాధరకు చేరువనున్న కురిక్యాల బొమ్మలగుట్టపై చెక్కించిన శాసనమున సంస్కృత కన్నడములతోపాటు తెలుగు కందపద్యములును కలవు. ఆ శాసనము తెలుగు విద్యార్థులందఱికిని పరిచితము. అదే నేలపై, పదునేను ఇరువది యేండ్ల వ్యవధిలోనే పెద్దకావ్యము నల్లిన సోమదేవుడు సంస్కృత పండితులకు సుప్రసిద్ధుడు. తెలుగు తరగతులలో మాత్రము అతని పేరు అరుదుగా వినబడును. అతడు తెలుగున వ్రాయకపోవుటయే దీనికి కారణము కావచ్చును గాని, అది చాలినంత కారణము కాదు.

సోమదేవుని గురువు నేమిదేవుడు, పరమగురువు యశోదేవుడు. యశస్తిలకము ఈ గురుపరంపరను దేవసంఘమనగా, తరువాతి తామ్రశాసనము గౌడసంఘమని చెప్పినది. గురువు మహావాది. ఆయన ఓడించిన ప్రతివాదులు తొంబదిమువ్వురని యశస్తిలకము. ఏబదియైదుగురని ఆ పిమ్మట వ్రాసిన నీతివాక్యామృతము. ప్రశస్తులలో సంఖ్యలు కాలముతో పెరుగుట వాడుక, ఇచ్చట తరిగినవి. శిష్యుడును వాదముననే పెరిగెను. స్యాద్వాదాచలసింహము, తార్కికచక్రవర్తి యను బిరుదులు అతనికి కవిత్వమువలన వచ్చినవి కావు. పుట్టినదిమొదలు తర్కమను ఎండుగడ్డినే మేసిన తన బుద్ధి యను గోవు ఈ కావ్యమును పాలుగా ఇచ్చినదని అతడే కృతి మొదట చెప్పుకొనెను. పాలలో గడ్డివాసన అక్కడక్కడ లేకపోలేదు. కథ నడుమ మతవాదములు, రాజనీతి, వైద్యము, గజశాస్త్రము వచ్చి పడుచుండును. ఓపిక లేనివాడు మూడవ ఆశ్వాసముననే పుస్తకము మూయును. కాని గడ్డి మేయని బుద్ధికి అసలు ప్రశ్న తట్టెడిది కాదు.

కావ్యము ముగిసిననాటికి రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడు దక్షిణదిగ్విజయము చేసి మేల్పాటిలో విడిది చేసియుండెను. గంగాధరలో అరికేసరి పెద్దకుమారుడు వాగరాజు ప్రభువు. కత్తి బలముతో బ్రతుకు సామంతుల నీడలో కూర్చుండి, కత్తి పిండిబొమ్మపై పడినను పాపమేయని వ్రాయుటకు ధైర్యము కావలెను.

కథ ఇది. యౌధేయదేశమున రాజపురమునకు రాజు మారిదత్తుడు. వీరభైరవుడను కౌలగురువు అతనికొక ఆశ చూపెను. చండమారిదేవికి సకలప్రాణులను జంటలు జంటలుగా బలియిచ్చి, లక్షణములుగల ఒక మనుష్యుల జంటను స్వహస్తముతో నరికినచో, విద్యాధరులనైనను గెలువగల ఖడ్గము లభించునట. రాజభటులు పోయి అభయరుచి, అభయమతి యను ఇద్దఱు బాలతాపసులను పట్టితెచ్చిరి. వారు అన్నాచెల్లెండ్రు. కత్తి యెత్తిన రాజు ఆ పిల్లల ముఖములను చూచి వారెవరని అడిగెను. ఆ ఒక్క ప్రశ్నకు అభయరుచి చెప్పిన సమాధానమే కావ్యములో పెద్దభాగము.

పూర్వజన్మమున అభయరుచి ఉజ్జయినిని ఏలిన యశోధరుడు. భార్య అమృతమతి ఒక కురూపియైన మావటివానియెడ మనసుపడినదని ఒక రాత్రి కన్నులార చూచి, విరక్తుడై రాజ్యము విడువదలచెను. దానికి నెపముగా తనకు చెడుకల వచ్చినదని తల్లి చంద్రమతితో చెప్పెను. తల్లి శాంతికై జంతుబలి యిమ్మనెను. కొడుకు వలదనెను. వారిద్దఱి వాదము కావ్యమునకు గుండెకాయ. తల్లి దుష్టురాలు కాదు. కొడుకు బ్రతుకవలెనని కోరు తల్లి. కొడుకు తర్కమున గెలిచెను గాని తల్లి కన్నీటికి ఓడెను. ఇద్దఱికిని నడుమ దారి యొకటి దొరకెను: ప్రాణమున్న కోడికి బదులు పిండితో కోడిని చేసి, దానిని నరికి, ఆ పిండినే మాంసమనుకొని తినుట. ఎవరికిని నొప్పిలేని దారివలె కనబడినది. అమృతమతి తల్లికిని కొడుకునకును విషము పెట్టెను. చచ్చినవారు నెమలియు కుక్కయునై పుట్టిరి. తరువాత అడవిజంతువులై, నీటిలో చేపయు మొసలియునై, మేకలై, దున్నయై, ప్రతిజన్మమునను ఘోరముగా చంపబడుచు, కొన్నిమాఱులు ఒకరినొకరు చంపుకొనుచు తిరిగిరి. ఒకప్పుడు తన యింటివారే తన మాంసము వండుకొని తినుట యశోధరుడు చూడవలసివచ్చెను. ఆఱవ జన్మమున వారు కోళ్లు. పిండికోడిని నరికినవారు నిజముగా కోళ్లైరి. ధర్మబోధ చెవిని పడిన తరుణమున, యశోధరుని సొంతకొడుకు యశోమతి విడిచిన బాణమునకు కూలి, ఆ కొడుకు భార్యకే కవలలుగా పుట్టిరి. ఆమె మారిదత్తుని తోబుట్టువు. బలిపీఠమువద్ద నిలిచినవారు తన మేనల్లుడును మేనకోడలునని రాజునకు అప్పుడు తెలిసెను. కత్తి దిగెను.

ఇట్టి కథలో యంత్రముల కేమి పని యని తోచవచ్చును. యశస్తిలకము మూడవ ఆశ్వాసమున రాజు వేసవి గడపు యంత్రధారాగృహవర్ణన కలదు. అందు వానకురియు యంత్రమేఘములు, నోటినుండి నీరుకక్కు యంత్రవ్యాళములు, యంత్రహంసలు, ఏనుగులు, మొసళ్లు, కోతులు, చెట్లును ఉన్నవి. ఎచ్చట తాకిన అచ్చటినుండి చందనపు నీటిధారలు చిమ్ము యంత్రస్త్రీ ఆ గృహమునకు తలమానికము. రాజభవనమున యంత్రపర్యంకమును, విసనకఱ్ఱలు వీచు బొమ్మలును గలవు. సిరిసిల్లలో నేడు యంత్రమన్నంతనే మరమగ్గము చప్పుడు గుర్తుకు వచ్చును. పదవశతాబ్దపు రాజునకు యంత్రమనగా విలాసము. దీనిని పట్టుకొని పూర్వులు మరమనుష్యులను చేసిరని చాటుట తగదు. ఎత్తుననున్న నీటి ఒత్తిడి, గొట్టములు, తూములు తెలిసిన శిల్పికి ఇందు కొంత సాధ్యము. మిగిలినది కవి సొమ్ము. పదునొకండవ శతాబ్దమున ధారానగరపు భోజుడు సమరాంగణసూత్రధారమున యంత్రములకొక అధ్యాయమునే కేటాయించెను గాని, వాని నిర్మాణరహస్యములను బుద్ధిపూర్వకముగా మఱుగుపఱచెను.

గమనింపదగినది వేఱొకటి. యంత్రస్త్రీతో ఆడుకొన్న రాజునకు సోమదేవుడు ఆ ఆటకై ఒక్క జన్మమైనను శిక్ష వేయలేదు. పిండికోడిని నరికిన అదే రాజునకు ఆఱు పశుజన్మములు విధించెను. రెండును బొమ్మలే. రెంటికిని ప్రాణము లేదు. అయినను ఆటలో బొమ్మ బొమ్మగానే యుండెను. బలిలో బొమ్మ కోడియైనది. కోడియని తలచి నరికి, మాంసమని తలచి తినినప్పుడు హత్య మనసున పూర్తియైనది. లోపించినది నెత్తురు మాత్రమే. జైనులు దీనిని భావహింస యందురు. కథ ముగిసిన పిదప వచ్చు మూడు ఆశ్వాసములు గృహస్థధర్మమును చెప్పునవి. అందు సోమదేవుడు ఇదే మాటను జాలరితోను రైతుతోను పోల్చి చూపెను. వల వేసికొని కూర్చున్న జాలరి ఒక్క చేపను చంపకున్నను పాపి. నాగలి సాగుచుండగా ఎన్ని పురుగులు చచ్చినను రైతు అట్టి పాపి కాడు. అట్లని జాలరులను అతడు వెలివేయలేదు. అహింసావ్రతమునకు అతడెన్నుకొన్న కథానాయకుడు మృగసేనుడను జాలరియే. వలలో మొదటపడిన చేపను విడిచెదనని ఒట్టుపెట్టుకొన్న ఆ పేదవానికి ఆ దినమున మఱల మఱల ఆ చేపయే పడినది. అతడు వట్టిచేతులతో ఇల్లుచేరెను.

ఇరువదవ శతాబ్దపు విజ్ఞానకల్పనాకథలు ఈ చోటికి మఱియొక దారిని వచ్చినవి. చెకోస్లొవేకియా రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన నాటకమువలన రోబో అను మాట లోకమునకు వచ్చెను. 1942లో ఐజాక్ అసిమోవ్ రోబోలకు మూడు నియమములు విధించెను. అవి ముఖ్యముగా యంత్రమువలన మనుష్యునకు హాని కలుగకుండుటకు. మనుష్యునివలన యంత్రమునకు కలుగు హాని మాట తరువాతిది. అమెరికాలో 1966లో మొదలై పలురూపముల సాగుచు వచ్చిన స్టార్ ట్రెక్ టెలివిజన్ కథామాలలో, 1989లో ప్రసారమైన ఒక కథ ఈ విషయముపై న్యాయవిచారణ నడిపెను. డేటా యను మరమనుష్యుని విప్పి పరీక్షింప నొక శాస్త్రజ్ఞుడు కోరును. డేటా నౌకాదళపు ఆస్తియా, లేక వలదనుటకు హక్కుగల వ్యక్తియా? అతనికి ఆత్మ కలదో లేదో తేల్చుట తన పని కాదని, హక్కు మాత్రము కలదని తీర్పు. విచారణలో డేటా పక్షమున గట్టిగా నిలిచిన వాదము అతనిని గూర్చినది కాదు. ఇట్టివారిని వేలకొలది చేసి ఆస్తిగా వాడుకొన్నచో మనుష్యులు ఏమి యగుదురన్నదియే. సోమదేవుడు ఇంకను ముందుకు పోయెను. పిండికోడికి జీవము లేదని అతనికి సందేహమే లేదు. అయినను చేసినవాని లెక్క చేసినవానిదే. చేతిఫోనులలో బొమ్మమనుష్యులను కాల్చు ఆటల నాడుకొను పిల్లలున్న బడిలో ఉపాధ్యాయుడు ఈ కథ చెప్పినచో, పిల్లలు మొదట అడుగు ప్రశ్న అదే కావచ్చును: అది ఆటయా, బలియా?

ఈ కథ సోమదేవుడు కల్పించినది కాదు. అతనికి ముందే ఎనిమిదవ శతాబ్దమున హరిభద్రుని ప్రాకృతకథలో ఇది కలదు. అతని కాలముననే మాన్యఖేటమున పుష్పదంతుడు అపభ్రంశమున చెప్పెను. తరువాత వాదిరాజు సంస్కృతమున, 1209లో జన్నకవి కన్నడమున చెప్పిరి. 1980లో గిరీశ్ కర్నాడ్ దీనినే కన్నడనాటకము చేసెను. ఒక కథామాల పన్నెండువందల యేండ్లు సాగినదన్నమాట. వీనిలో యంత్రధారాగృహమును పిండికోడిని ఇంత విపులముగా ఒకే పుస్తకమున పెట్టినవాడు సోమదేవుడు.

యశస్తిలకము తరువాత అతడు నీతివాక్యామృతము వ్రాసెను. ముప్పదిరెండు సముద్దేశముల చిన్నసూత్రముల గ్రంథమిది. కౌటిల్యుని అడుగుజాడలు స్పష్టము. ఒక సన్న్యాసి ధర్మార్థకామముల నొసగు రాజ్యమునకు నమస్కారము చేయుట ఇందలి వింత. ఆదాయవ్యయములకు ముని కమండలువును ఉదాహరణముగా చూపెను. నీరు పోయు నోరు పెద్దది, వంపు కొమ్ము సన్నది. ఏమియులేని ముని తనకున్న ఒక్క పాత్రనుండి కోశాధికారికి పాఠము తీసెను.

966లో, శకము 888లో, ఆ పాఠము అతని మెడకే చుట్టుకొనెను. మహారాష్ట్రమందలి పర్భణిలో దొరకిన తామ్రశాసనము ప్రకారము మూడవ అరికేసరి, తన తండ్రి బద్దెగుడు లేంబులపాటకమున కట్టించిన శుభధామజినాలయముకొరకు వనికటుపులు అను గ్రామమును సోమదేవునకు దానము చేసెను. అది సబ్బినాటి రేపాక పన్నెండు గ్రామములలోనిది. జీవితమంతయు వాదులను గెలిచిన తార్కికుడు, వేములవాడలో ఒక గుడి పగుళ్లు పూడ్పించుటకును సున్నము వేయించుటకును ఒక ఊరి రాబడిని చూచుకొనవలసినవాడయ్యెను. దానపు కారణములలో పగుళ్లు, సున్నము తరువాత శాసనము చెప్పునవి బలినైవేద్యములు. జినాలయములలో బలి యనగా దేవుని ముందుంచు అన్నము.