మొదటి సాలార్ జంగ్

మొదటి సాలార్ జంగ్‌గా ప్రసిద్ధుడైన మీర్ తురాబ్ అలీఖాన్ (1829 - 1883) హైదరాబాదు రాజ్యానికి దివానుగా దాదాపు 30 సంవత్సరాలు పనిచేసాడు. నాసిరుద్దౌలా, అఫ్జలుద్దౌలా, మహబూబ్ అలీఖాన్ అనే ముగ్గురు నిజాముల కొలువులో ఇతడు పనిచేసాడు. హైదరాబాదుకు మొట్టమొదటి రైలుమార్గం ఇతని హయాంలోనే వచ్చింది. సాలార్ జంగ్ మ్యూజియం పేరు వినగానే చాలామంది ఇతడినే తలచుకుంటారు గాని, అందులోని వస్తువులలో అధికభాగం ఇతని మనుమడైన మూడవ సాలార్ జంగ్ సేకరించినవి. ప్రసిద్ధి చెందిన మేలిముసుగు రెబెక్కా శిల్పాన్ని మాత్రం ఇతడే 1876లో ఐరోపా యాత్రకు వెళ్ళినపుడు రోము నగరంలో కొన్నాడు.

== దివాను పదవి ==
చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయి, పినతండ్రి సిరాజుల్ ముల్క్ వద్ద పెరిగాడు. కొంతకాలం ఖమ్మం ప్రాంతంలో తాలూక్‌దారుగా పనిచేసాడు. 1853 మే నెలలో ఆంగ్లేయులు తమ సైన్యపు ఖర్చుల బాకీ క్రింద బేరారు, రాయచూరు అంతర్వేది, నల్‌దుర్గ్ ప్రాంతాలను నిజాము నుండి తీసుకున్నారు. అది జరిగిన కొద్దిరోజులకే అప్పటి దివాను సిరాజుల్ ముల్క్ మరణించగా, 24 ఏళ్ళ తురాబ్ అలీఖాన్ దివాను అయ్యాడు. ఖజానా అప్పటికి ఖాళీ. జిల్లాల శిస్తు అరబ్బు, రొహిల్లా వడ్డీ వ్యాపారులకు తాకట్టులో ఉండేది. ఇతడు తాకట్లను ఒక్కొక్కటిగా విడిపించి, గుత్తేదార్ల పద్ధతిని క్రమంగా తొలగించి, జీతంపై పనిచేసే ఉద్యోగులతో శిస్తు వసూలు చేయించాడు. 1865లో జిల్లాబందీ పేరుతో రాజ్యాన్ని జిల్లాలుగా విభజించాడు. నేటి జిల్లా పాలనకు మూలం ఇక్కడే ఉంది.

1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రెసిడెన్సీపై దాడి జరిగినపుడు ఇతడు ఆంగ్లేయుల పక్షం వహించాడు. ఈ నిర్ణయం నేటికీ వివాదాస్పదమే. ఇందుకు ప్రతిఫలంగా 1860లో రాయచూరు, నల్‌దుర్గ్ ప్రాంతాలు తిరిగివచ్చాయి గాని, బేరారు రాలేదు. దానికోసం ఇతడు జీవితాంతం ప్రయత్నించాడు, ఫలించలేదు.

== రైలుమార్గం ==
బొంబాయి, మద్రాసు రైలుమార్గాలు 1871లో రాయచూరు వద్ద కలిసాయి. ఆ మార్గంలోని వాడి నుండి సికింద్రాబాదుకు ఒక శాఖ వేయడం ఆంగ్లేయులకు ముఖ్యావసరం. ఎందుకంటే సికింద్రాబాదు, తిరుమలగిరి, బొలారం ప్రాంతాలలో వారి సైనిక స్థావరాలు ఉండేవి. ఖర్చు మాత్రం నిజాము ప్రభుత్వానిదే. అప్పుడప్పుడే కోలుకుంటున్న ఖజానాకు ఇది పెద్ద భారం అయింది. దాదాపు 190 కిలోమీటర్ల ఈ మార్గం 1874 అక్టోబరులో ప్రారంభమయింది. యంత్రపు మగ్గాల పరిశ్రమ కూడా ఈ కాలంలోనే మొదలయింది; 1877లో హైదరాబాదులో నూలు మిల్లు ఏర్పడింది.

== మరణం, తరువాత ==
1883 ఫిబ్రవరి 8న కలరా సోకి హఠాత్తుగా మరణించాడు. మీర్ మోమిన్ దాయిరాలో సమాధి చేసారు. అదే సంవత్సరం రైలుమార్గం నిర్వహణకు లండనులో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది. ఆ మార్గాన్ని 1889 నాటికి బెజవాడ వరకు పొడిగించారు. కుత్బుల్లాపూర్‌కు సమీపంలోని బొలారం, మేడ్చల్ మీదుగా మన్మాడు వెళ్ళే మార్గం 1901 నాటికి పూర్తయింది. ఈ రైల్వేను నిజాము ప్రభుత్వం 1930లో కంపెనీ నుండి కొని తన అధీనంలోకి తెచ్చుకుంది.