లూయిస్ గాలితుపాకి

ప్రాచీనములగు గాలితుపాకులను సేకరించువారు ఆదరముతో తలంచుకొను పేర్లలో మెరివెదర్ లూయిస్ పేరొకటి. ఇతడు 1774లో అమెరికాయందలి వర్జీనియాలో జన్మించెను. సైన్యమున పనిచేసి, 1801లో అధ్యక్షుడగు జెఫర్సనునకు ఆంతరంగిక కార్యదర్శి యయ్యెను. పడమటి సముద్రమునకు దారి కనుగొనుటకై ఆయన పంపగా, 1803 ఆగస్టు 30న పిట్స్‌బర్గు నుండి పడవపై బయలుదేరెను.

ఆనాడే అతని గాలితుపాకి మరియొకని చేతిలో పొరపాటున ప్రేలి, నలువది గజముల దూరముననున్న ఒక స్త్రీ కణతకు తగిలెను. ఆమె మరణించినదని అందరును భయపడిరి. కాని గాయము స్వల్పమే. లూయిస్ ఆ సంగతిని దాచక తన దినచర్య మొదటనే వ్రాసికొనెను.

అది గిరార్డోని కల్పించిన రకమని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. దాని మడమయే గాలి నింపు ఇనుపబుడ్డి. పంపుతో వేయిసార్లకు పైగా కొట్టి నింపినచో, పొగ లేకుండ ఇరువది గుండ్లు వెంటవెంటనే వెడలును.

మిత్రుడు క్లార్కుతో కూడి సాగిన యాత్రలో, ఆదిమజాతుల సభలయందు లూయిస్ దానిని ప్రేల్చి చూపుచుండెను. చూపరుల విస్మయమే ఆ చిన్నదళమునకు కోటగోడ యయ్యెను. 1805 నవంబరులో పసిఫిక్ తీరము చేరి, 1806 సెప్టెంబరులో వారు సెయింట్ లూయిస్‌కు మరలివచ్చిరి.

1809 అక్టోబరు 11న, ముప్పదియైదవ యేట, టెనెస్సీలోని ఒక బాటసారుల బసలో లూయిస్ తుపాకి గాయములతో మరణించెను. నాడు విస్మయమొందిన జాతులును కాలక్రమమున తమ నేలలను కోల్పోయెను. ఆ తుపాకి కథ చెప్పువారు ఈ రెండు దుఃఖములను మరువరాదు.