ఆలోచనల కార్ఖానా

కొత్త ఆలోచన ఎక్కడో ఆకాశంలోంచి ఊడిపడుతుందని మనలో చాలామందికి నమ్మకం. చెట్టుకింద కూర్చున్నవాడికో, నీళ్ళతొట్టిలో దిగినవాడికో తట్టాలి గాని మనబోటి వాళ్ళకి ఎలా తడుతుందని ఒక నిట్టూర్పు కూడాను. వ్యాపారం పెడదామనుకునే కుర్రాళ్ళని కదిపి చూడండి. పెట్టుబడి లేదనేవాళ్ళతో పాటు మంచి ఐడియా లేదనేవాళ్ళూ బోలెడుమంది కనిపిస్తారు. ఐడియాలని ఇటికల బట్టీలో ఇటికల్లాగా వరసగా తయారు చెయ్యొచ్చని నమ్మి, నిజంగానే అలాటి బట్టీ పెట్టి నడిపించిన మనిషి థామస్ ఆల్వా ఎడిసన్. ఆయన పేర అమెరికాలో 1093 పేటెంట్లున్నాయి. ఆ అంకె అందరూ చెబుతారు. బట్టీ ఎలా నడిచిందో, ఎక్కడ ఆరిపోయిందో చెప్పేవాళ్ళు తక్కువ. అందుకని ఈ నాలుగు మాటలు.

ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11న ఒహాయో రాష్ట్రంలో మిలాన్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. ఏడేళ్ళ వయసులో కుటుంబం మిషిగన్ రాష్ట్రంలోని పోర్ట్ హ్యూరన్‌కి తరలిపోయింది. బడికి వెళ్ళింది కొద్ది నెలలే. తల్లి పూర్వం పంతులమ్మ కావటంతో చదువంతా ఇంట్లోనే సాగింది. చిన్నతనంలోనే చెవుడు వచ్చింది. పన్నెండో ఏట డెట్రాయిట్ వెళ్ళే రైల్లో పేపర్లు, మిఠాయిలు అమ్మటం మొదలుపెట్టాడు.

ఆ రైల్లోనే ఆయన మొదటి వ్యాపారపు ఐడియా పుట్టింది. 1862 ఏప్రిల్‌లో అమెరికా అంతర్యుద్ధంలో షైలో దగ్గర ఘోరమైన పోరు జరిగింది. డెట్రాయిట్‌లో పత్రికాఫీసు ముందు వార్తల బోర్డు దగ్గర జనం విరగబడి చదువుతున్నారు. కుర్రవాడు ఆ బోర్డుని కాదు, ఆ జనాన్ని చూశాడు. తంతి గుమాస్తాని బతిమాలి, తన రైలు ఆగే స్టేషన్లన్నిటికీ యుద్ధవార్త రెండు ముక్కల్లో ముందే పంపించి, అక్కడి బోర్డుల మీద రాయించాడు. రోజూ అమ్మే దానికి ఎన్నో రెట్లు, వెయ్యి కాపీలు, అరువు మీద తీసుకున్నాడు. రైలు వెళ్ళేసరికి ప్రతి ప్లాట్‌ఫారం మీదా జనం. స్టేషను స్టేషనుకీ ధర పెంచుకుంటూ పోయాడు. ఇది ఆయన పెద్దయ్యాక స్వయంగా చెప్పుకున్న కథ, కాబట్టి కొంచెం ఉప్పూ కారం పడి ఉండొచ్చు. కాని ఒక్క విషయం గమనించండి. అందులో కొత్త వస్తువేమీ లేదు. పేపరు పాతదే, తంతి పాతదే, రైలూ పాతదే. మూడింటినీ ఒకచోట కలిపాడంతే.

అదే ఏడు, రైలు పెట్టె కింద పడబోతున్న స్టేషన్‌మాస్టరు కొడుకుని పక్కకి లాగి కాపాడితే, ఆ తండ్రి కృతజ్ఞతగా తంతి పని నేర్పాడు. తరవాత అయిదారేళ్ళు ఊరూరా తిరిగే తంతి గుమాస్తా జీవితం. 1868లో బోస్టన్ చేరారు. అక్కడ చేసిన పనికే 1869 జూన్ 1న ఆయనకి మొట్టమొదటి పేటెంటు వచ్చింది.

అది ఓట్లు లెక్కపెట్టే యంత్రం. శాసనసభలో ఒక్కొక్క సభ్యుణ్ణీ పేరుపెట్టి పిలిచి ఓటు రాసుకునే బదులు, కూర్చున్నచోటే ఒక మీట నొక్కితే అవునో కాదో నిమిషాల్లో లెక్క తేలిపోతుంది. యంత్రం చక్కగా పనిచేసింది. వాషింగ్టన్ తీసుకెళ్ళి పెద్దలకి చూపించారు. వాళ్ళు వద్దుపొమ్మన్నారు. పేర్లు పిలవటంలో జరిగే ఆలస్యమే కదా తక్కువ బలం ఉన్న పక్షానికి ఆయుధం! ఆ కాస్త వ్యవధిలోనే బేరాలు సాగాలి, మనసులు మారాలి. ఆ తీరిక లాగేసుకునే యంత్రం ఎవడిక్కావాలి? ఇరవై రెండేళ్ళ ఎడిసన్ అక్కడ ఒక నిశ్చయానికొచ్చారు. ఇకమీదట కొనేవాడున్నాడో లేడో ముందు తేల్చుకుని గాని దేనికీ చెయ్యి పెట్టకూడదని. ఈ నిశ్చయాన్ని గుర్తుపెట్టుకోండి. ఆయన గెలిచిందీ దానివల్లే, దాన్ని మరిచిన చోటే ఓడిపోయారు కూడా.

న్యూయార్క్‌లో షేర్ల ధరలు అచ్చువేసే తంతి యంత్రాలు బాగుచేసి, కొత్తవి తయారుచేసి కాస్త డబ్బు కూడబెట్టి, 1876లో న్యూజెర్సీలోని మెన్లో పార్క్ అనే పల్లెలో రెండంతస్తుల కొయ్య మేడ కట్టించారు. అందులో ఒక వస్తువు తయారుచేసి అమ్మటమనేది లేదు. కొత్త వస్తువులు కనిపెట్టటమే పని. పది రోజులకో చిన్నది, ఆరు నెలలకో పెద్దది చొప్పున కనిపెట్టాలని ఆయన లెక్క. ఊహకి కూడా నెలవారీ కోటా పెట్టిన మనిషి మరి!

అక్కడ ఆయన ఒంటరిగా లేరు. ఏ బొమ్మ గీసిచ్చినా యంత్రంగా మార్చి తెచ్చే స్విస్ పనివాడు జాన్ క్రూసీ, ఓర్పుకి మారుపేరైన ఇంగ్లీషువాడు చార్లెస్ బ్యాచెలర్, తరవాత వచ్చిన గణితం పట్టభద్రుడు ఫ్రాన్సిస్ అప్టన్. అర్ధరాత్రి వేళ పని ఆపి అందరూ కలిసి భోంచేసేవారు. మేడమీద ఒక మూల పెద్ద ఆర్గన్ వాద్యం ఉండేది, పాటలూ వేళాకోళాలూ సాగేవి. మళ్ళీ పని. ఎవరికి ఏం తోచినా, ఏ ప్రయోగం చేసినా బల్లల మీద పడివుండే నోటుపుస్తకాల్లో బొమ్మ వేసి, తేదీ వేసి, సంతకం పెట్టాలి. పేటెంటు తగాదా వస్తే సాక్ష్యం కోసం మొదలైన అలవాటు అది. కాని దానివల్ల మరో లాభం కలిగింది. ఇవాళ పనికిరాని ఊహ రెండేళ్ళ తరవాత ఇంకో పనికి అక్కరకొచ్చేది. ఆయన పోయాక చూస్తే అలాటి పుస్తకాలు మూడున్నర వేలున్నాయి. ప్రాక్టికల్ రికార్డు పరీక్ష ముందురాత్రి కూర్చుని పూర్తిచేసే మనం ఈ మాట చదివి కాస్త సిగ్గుపడొచ్చు.

ఫోనోగ్రాఫు పుట్టింది ఇలాటి అరువు ఊహలోంచే. తంతి చుక్కల్ని కాగితం మీద గుంటలుగా నొక్కి, మళ్ళీ వేగంగా నడిపించి ముందుకి పంపే యంత్రం మీద పనిచేస్తున్నారు. కాగితం జోరుగా తిరిగితే దాన్లోంచి ఒక సన్నని రొద, ఎవరో గొణుగుతున్నట్టు. మరొకరైతే నూనె వెయ్యమనేవారు. ఎడిసన్ ఆ రొదనే పట్టుకున్నారు. చుక్క మోగగలిగితే మాట మోగదా అని. 1877 డిసెంబరులో రేకు చుట్టిన సిలిండరు మనిషి గొంతుతో మాట్లాడింది. పదేళ్ళ తరవాత అదే ఊహని ఇంకోవైపు తిప్పారు. చెవికి ఫోనోగ్రాఫు చేసే పని కంటికి చేసేదేదైనా ఉండాలన్నారు. విలియం డిక్సన్ అనే సహాయకుడి కష్టంతో అది కదిలే బొమ్మల యంత్రమయింది.

ఇక దీపం సంగతి. బల్బుని ఎడిసన్ ఒక్కడే కనిపెట్టాడన్నది పూర్తి నిజం కాదు. ఇంగ్లండులో జోసెఫ్ స్వాన్ అదే కాలంలో అదే పనిలో ఉన్నాడు. అంతకు ముందూ ప్రయత్నించినవాళ్ళున్నారు. ఎడిసన్ ప్రత్యేకత ఏమిటంటే ఆయన గాజు బుడ్డితో మొదలుపెట్టలేదు, గ్యాసు బిల్లుతో మొదలుపెట్టారు. 1878లో ఆ పనికి దిగగానే గ్యాసు కంపెనీల లెక్కలు, పత్రికలు గుట్టలుగా తెప్పించి చదివారు. ఊరికొక కార్ఖానా, భూమిలో గొట్టాలు, ఇంటింటికీ విడివిడిగా తిప్పుకునే మర, వాడకాన్ని చూపే మీటరు. అన్నిటినీ ఉన్నదున్నట్టు కరెంటుకి అనువదించారు. దీపం వెలుగు కూడా గ్యాసు దీపమంతే ఉండేలా కుదిర్చారు. కొత్త వస్తువు జనానికి పాత అలవాటులో కలిసిపోవాలన్నమాట.

ఆ లెక్కలోనే అసలు చిక్కు బయటపడింది. అదివరకటి దీపాలకి నిరోధం తక్కువ, కరెంటు ఎక్కువ తాగుతాయి. అంత కరెంటు వీధులన్నీ మోయాలంటే లావుపాటి రాగి తీగలు కావాలి, ఆ రాగి ఖరీదుకే వ్యాపారం మునిగిపోతుంది. అదే నిరోధం బాగా ఎక్కువున్న ఫిలమెంటైతే కరెంటు తక్కువ సరిపోతుంది, సన్నతీగ చాలు. ఇది భౌతికశాస్త్రమూ, కిరాణా పద్దూ కలిసిన ఆలోచన. వెంట్రుకవాసి సన్నంగా ఉండి, కాలిపోకుండా వెలిగే పదార్థం వెతకాలని తేలింది. అప్పటి నుంచి వెతుకులాట. ఏం వెతుకుతున్నారో తెలిసిన వెతుకులాట కాబట్టే అది గుడ్డి అన్వేషణ కాలేదు. 1879 అక్టోబరులో బొగ్గుగా మార్చిన నూలుదారం పదమూడు గంటల పైచిలుకు వెలిగింది. తరవాత అట్టముక్క. నార, చేపలగాలం దారం, ఆఖరికి సిబ్బంది గడ్డం వెంట్రుకలు కూడా వదల్లేదు. 1880లో ఒక తాటాకు విసనకర్ర అంచుకున్న వెదురు బద్ద చూసి దాన్నీ కాల్చారు. అన్నిటికన్నా అదే మేలు! మనుషుల్ని దేశాలమీదికి తరిమారు. జపాన్ వెదురు అన్నిట్లోకీ బాగుందని తేలింది. 1888లో జేమ్స్ రికాల్టన్ అనే బడిపంతులు ఇంకా మంచి వెదురు కోసం సిలోన్, ఇండియా, బర్మా తిరిగి వచ్చాడు. తీరా వెదురు అవసరమే తీరిపోయే రోజులవి. పంతులుగారికి ప్రపంచయాత్ర మాత్రం దక్కింది.

1882 సెప్టెంబరు 4న న్యూయార్క్‌లో పెర్ల్ స్ట్రీట్ స్టేషన్ నుంచి సుమారు నాలుగువందల దీపాలు వెలిగాయి. కొనేవాడి దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిచిన ఆలోచన అలా ఇళ్ళల్లోకి, ఆఫీసుల్లోకి చేరింది.

ఇంతవరకూ అందరికీ ఇష్టమైన కథ. మిగతాదే నాకు ఎక్కువ ఆసక్తి.

పేరొచ్చాక ఎడిసన్ తన మొదటి ప్రశ్న అడగటం తగ్గించారు. ఏకముఖ విద్యుత్తు తన సొంత బిడ్డ కాబట్టి, ఎంత దూరమైనా చవగ్గా వెళ్ళగలిగే ప్రత్యావర్తి విద్యుత్తుని శత్రువులా చూశారు. దాన్ని ప్రమాదమని ప్రచారం చెయ్యటంలో ఆయన పక్షం హుందాతనం కూడా పోగొట్టుకుంది. 1892లో కంపెనీలు కలిసి జనరల్ ఎలక్ట్రిక్ అయినప్పుడు, ఆ పేరులోంచి ఎడిసన్ అన్న మాట పోయింది.

ఆ బాధ దిగమింగి, తన వాటా డబ్బంతా న్యూజెర్సీ కొండల్లో ఇనుము మీద పోశారు. ఇనుము తక్కువగా ఉన్న రాళ్ళని కొండలకి కొండలే పిండిచేసి, అయస్కాంతంతో ఇనప రజను లాగి, ముద్దలుగా చేసి అమ్మాలని. ఊహ గొప్పది. లారీ అంత బండరాళ్ళని నమిలేసే రోలర్లు తయారుచేశారు. ఇంజనీర్లు చూసి ముక్కుమీద వేలేసుకున్నారు. ఇంతలో మినెసోటాలో మెసాబీ గనులు బయటపడ్డాయి. పారతో ఎత్తి ఓడలో పోసుకోవటమే, అంత మేలిరకం ఖనిజం. ధర పడిపోయింది. వాషింగ్టన్‌లో నేర్చుకున్న పాఠం ప్రకారమైతే ఆ రోజే కొలిమి ఆర్పెయ్యాలి. ఆయన ఆర్పలేదు. యంత్రం ఇంకొంచెం బాగుపడితే ఖర్చు తగ్గుతుందని ఏళ్ళతరబడి కొండమీదే కాపురమున్నారు. శతాబ్దం ముగిసేనాటికి ఇరవై లక్షల డాలర్లు మట్టిలో కలిశాయి. యంత్రం మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది, ఆ ఓట్ల యంత్రంలాగే.

అక్కడితో ఆగితే ఆయన ఎడిసన్ కారు. రాళ్ళు పిండిచెయ్యటం వచ్చు కదా, ఇనుము కాకపోతే మరేం చెయ్యొచ్చు? సిమెంటు. ఆ రోలర్లనే దించి సిమెంటు ఫ్యాక్టరీ పెట్టారు. మిగతావాళ్ళ తిరుగుడు కొలుములు అరవై అడుగులుంటే ఆయన నూటయాభై అడుగులది కట్టారు. నవ్వినవాళ్ళే తరవాత ఆ దారి పట్టారు. న్యూయార్క్‌లో 1923లో తెరిచిన యాంకీ స్టేడియంలో పోసింది ఎడిసన్ సిమెంటే. ఆ ఊపులో ఇల్లు మొత్తం ఒకే అచ్చులో పోసేద్దామనుకున్నారు, పేదవాళ్ళకి చవగ్గా. అచ్చుకే బోలెడు ఖర్చు. కొద్ది ఇళ్ళతో ఆగిపోయింది.

ఫోనోగ్రాఫు విషయంలోనూ ఇదే వరస. 1878లోనే దానికి పది ఉపయోగాలు జాబితా రాశారు. మొదటిది ఆఫీసు ఉత్తరాలు చెప్పి రాయించటం, సంగీతం ఎక్కడో మధ్యలో. జనం పాటలకి ఎగబడుతున్నా ఆయన చాలాకాలం అది ఆఫీసు సామాననే పట్టుబట్టారు. తరవాత పాటల వ్యాపారంలోకి దిగి, ఏ పాట రికార్డు చెయ్యాలో తానే తేల్చేవారు, ఆ చెవుడుతో! పెట్టె కొయ్యని పళ్ళతో కరిచిపట్టుకుని వినేవారు. పాడినవాళ్ళ పేరు ముఖ్యం కాదు, యంత్రమే ముఖ్యమన్నారు. శ్రోతలకి కావలసింది పేర్లే. 1929లో ఆ వ్యాపారం మూసేశారు.

ఎనభై దాటాక కూడా బల్ల వదల్లేదు. యుద్ధమొస్తే రబ్బరు సరఫరా ఆగిపోతుందేమోనని, అమెరికాలో పెరిగే వేల మొక్కల్ని పిండి చూసి, పసుపుపూల కలుపుమొక్క ఒకదాంట్లో రబ్బరుందని తేల్చారు. అదీ బజారుకి చేరలేదు.

1931 అక్టోబరు 18న వెస్ట్ ఆరెంజ్‌లో ఎడిసన్ కన్నుమూశారు. అంత్యక్రియల రాత్రి దేశమంతా కరెంటు ఒక్క నిమిషం పూర్తిగా ఆపి నివాళి అర్పిద్దామని ఒక ఆలోచన వచ్చింది. కాని ఆస్పత్రులు, పంపులు, రైళ్ళు అన్నీ దానిమీదే ఆధారపడి ఉన్నాయి, అంతసేపు ఆపటం ప్రమాదమని తేలి మానుకున్నారు. ఎవరి ఇళ్ళల్లో వాళ్ళు దీపాలు తగ్గించుకోమని అధ్యక్షుడు హూవర్ కోరాడు. అప్పటికి ఆ తీగల్లో ప్రవహిస్తున్నది చాలామటుకు ఆయన వద్దన్న కరెంటే.